అప్పు చేసి ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్ పీజీకి వెళ్లాలా?

ప్రశ్న: నా వయసు 25. ఇంజినీరింగ్ అయ్యాక రెండేళ్లుగా ఒక కంపెనీలో డేటా అనలిస్టుగా పనిచేస్తున్నాను. వారాంతాల్లో ఒక స్వచ్ఛంద సంస్థ చేసే సర్వేల్లో సాయపడుతుంటాను. ఐక్యరాజ్య సమితిలో గానీ, పేరున్న ఎన్జీవోలో గానీ చేరాలని నా కోరిక. బ్రిటన్‌లోని ఒక యూనివర్సిటీ ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్ ఎంఏలో సీటు ఇచ్చింది. ఏడాది కోర్సు. స్కాలర్‌షిప్ రాలేదు, ఖర్చంతా అప్పు చేసే పెట్టాలి. వెళ్లమంటారా? అసలు ఈ డిగ్రీకి బయట విలువ ఉందా?

జవాబు: ఈ ఏడాది వెళ్లకండి. చదువు మానుకోమని చెప్పడం లేదు. ఇంత అప్పుతో, ఫీల్డు అనుభవం ఇంకా గట్టిపడకముందే వెళ్లడం వద్దంటున్నాం. డిపాజిట్ కట్టకముందే అడ్మిషన్స్ ఆఫీసుకు రాసి, సీటును వచ్చే ఏడాదికి వాయిదా వేయమని అడగండి. చాలా యూనివర్సిటీలు ఒక్కసారి, ఒక్క ఏడాదికి ఒప్పుకుంటాయి. ఫీజు మాత్రం చేరే ఏడాది లెక్క ప్రకారం ఉంటుంది. డిపాజిట్ కట్టేశాక అడిగితే చిక్కే. వీసా రాకపోతేనో, ఆఫర్‌లోని షరతులు తీరకపోతేనో తప్ప ఆ డబ్బు సాధారణంగా వెనక్కి ఇవ్వరు. వాయిదాకు ఒప్పుకోకపోతే వదిలేయండి. మళ్లీ దరఖాస్తు పెట్టుకుంటే అదేమీ అడ్డం రాదు.

ఎందుకు వద్దంటున్నామంటే, ఈ రంగంలో ఉద్యోగాల లెక్క 2025లో తలకిందులైంది. సాయం ఇచ్చే దేశాల్లో అప్పటిదాకా అన్నిటికన్నా పెద్దది అమెరికా. 2025 జనవరిలో అది విదేశీ సాయాన్ని నిలిపేసింది. జూలై 1 నాటికి అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్‌ఎయిడ్ సాయం పంచే పని ఆపేసింది, మిగిలిన కార్యక్రమాలు విదేశాంగ శాఖ కిందికి వెళ్లాయి. సంపన్న దేశాలు జాతీయాదాయంలో 0.7 శాతం సాయంగా ఇవ్వాలని ఐక్యరాజ్య సమితి 1970లోనే లక్ష్యం పెట్టింది. బ్రిటన్ కొన్నేళ్లు ఆ లక్ష్యాన్ని అందుకుంది. 2021లో 0.5కు దిగింది, 2027కల్లా 0.3కు దిగుతామని ప్రకటించింది. ఐక్యరాజ్య సమితి సంస్థలు కూడా సిబ్బందిని తగ్గించుకుంటున్నాయి. దాంతో పదేళ్ల అనుభవమున్న వాళ్లు మీరు చూస్తున్న చిన్న పోస్టులకే దరఖాస్తు పెడుతున్నారు. వాళ్ల పక్కన కొత్త పట్టభద్రులకు పిలుపు రావడానికి టైం పడుతుంది. అప్పు లేనివాళ్లు ఆగగలరు. నెలనెలా కిస్తీ కట్టాల్సినవాళ్లు ఆగలేరు. ఆరు నెలలు తిరక్కుండానే ఏదో ఒక ఉద్యోగంలో చేరిపోతారు, అది చాలాసార్లు పాత రంగమే అవుతుంది.

బ్రిటన్‌లోనే ఉండి ఉద్యోగం వెతుక్కుంటాననుకుంటే వీసా లెక్క కూడా చూడండి. మాస్టర్స్ తర్వాత ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా ఇప్పటిదాకా రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు పెట్టేవారికి అది 18 నెలలే. ఆ తర్వాత స్కిల్డ్ వర్కర్ వీసాకు మారాలంటే సాధారణ జీతం పరిమితి 2025 జూలై నుంచి ఏడాదికి 41,700 పౌండ్లు. కొత్తగా రంగంలోకి వచ్చేవారికి కొంత తగ్గింపు ఉన్నా, ఎన్జీవోల్లో మొదటి ఉద్యోగానికి ఇచ్చే జీతం దాన్ని అందుకోవడం కష్టం. పైగా చిన్న సంస్థలు చాలావాటికి వీసా స్పాన్సర్ చేసే లైసెన్సే ఉండదు.

ఐక్యరాజ్య సమితి కల విషయానికొద్దాం. అక్కడ ప్రొఫెషనల్ ఉద్యోగాలకు పీ-2, పీ-3 అని మెట్లున్నాయి. మామూలుగా పీ-2కు మాస్టర్స్‌తో పాటు రెండేళ్ల అనుభవం, పీ-3కి ఐదేళ్లు, పీ-4కు ఏడేళ్లు అడుగుతారు. మాస్టర్స్ లేకపోతే డిగ్రీ మీద అదనంగా రెండేళ్ల అనుభవం చూపిస్తే చాలాచోట్ల సరిపోతుంది. ఆ మాస్టర్స్ ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్‌లోనే ఉండాలన్న నియమం లేదు. స్టాటిస్టిక్స్, ప్రజారోగ్యం, ఎకనామిక్స్, పబ్లిక్ పాలసీ, ఏదైనా పోస్టుకు పొసగాలి, అంతే.

కుర్రాళ్లకోసం ఉన్న దారులు వెబ్‌సైట్లలో కనిపించినంత విశాలంగా ఉండవు. జేపీఓ (జూనియర్ ప్రొఫెషనల్ ఆఫీసర్) పోస్టులకు ఆయా దాత దేశాలే డబ్బిస్తాయి కాబట్టి ఎక్కువగా తమ పౌరులనే తీసుకుంటాయి. నెదర్లాండ్స్ లాంటి కొద్ది దేశాలు మాత్రమే వర్ధమాన దేశాల వారికి కూడా కొన్ని పోస్టులు ఇస్తాయి. వైపీపీ (యంగ్ ప్రొఫెషనల్స్ ప్రోగ్రాం) పరీక్షకు వయసు 32 దాటకూడదు, పైగా ఆ ఏడాది ప్రకటించిన జాబితాలో మీ దేశం ఉండాలి. సెక్రటేరియట్‌లో ఇంటర్న్‌షిప్‌కు జీతం లేదు, యూఎన్‌డీపీ, యూనిసెఫ్ లాంటి సంస్థలు మాత్రం స్టైపెండ్ ఇస్తాయి. మీ వయసుకు ఇప్పటికిప్పుడు అందుబాటులో ఉన్నది యూఎన్ యూత్ వలంటీర్ పోస్టు. 18 నుంచి 26 ఏళ్ల వాళ్లకది, జీవన భృతి ఇస్తారు. 27 నిండితే స్పెషలిస్టు వర్గంలోకి వెళ్తారు, దానికి మూడేళ్ల అనుభవం కావాలి. అంటే ఈ తలుపు మీకు ఇంకో ఏడాదో ఏడాదిన్నరో మాత్రమే తెరిచి ఉంటుంది. యూఎన్‌వీ (యూఎన్ వలంటీర్ల) పోర్టల్‌లో ప్రొఫైల్ ఈ వారమే పెట్టండి.

ఇక డిగ్రీ విలువ. ఈ రంగంలో ఇంటర్వ్యూ చేసేవాళ్లు "ఏం చదివావు?" అన్నది ఒక్క నిమిషంలో దాటేసి, "ఏం చేయగలవు? ఏ సెక్టార్‌లో చేశావు?" అన్న దగ్గర ఆగుతారు. పోషకాహారం, విద్య, నీరు-పారిశుధ్యం, శరణార్థులు, పన్నుల విధానం, ఇలా ఏదో ఒక సెక్టార్ ఉండాలి. ఎవాల్యుయేషన్ (కార్యక్రమం ఫలించిందో లేదో కొలవడం), ఎకనామిక్స్, గ్రాంట్ల నిర్వహణ లాంటి ఒక నైపుణ్యం చేతిలో ఉండాలి. రెండూ ఉన్నవాళ్లకు డిగ్రీ పదును పెడుతుంది. రెండూ లేనివాళ్లకు "పేదరికం గురించి చాలా చదివాను" అని చెప్పుకునే వీలు మాత్రమే ఇస్తుంది. మీకు నైపుణ్యం సగం ఉంది, సెక్టార్ ఇంకా లేదు. అందుకే ఒక ఏడాది ఆగమంటున్నాం.

కోర్సు పేర్లు చూసి ఎంచుకోకండి. దాదాపు ఒకే పేరుతో రకరకాల చదువులున్నాయి. బ్రిటన్‌లోని ససెక్స్ యూనివర్సిటీ దగ్గర ఐడీఎస్ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్) 1966లో పుట్టింది, జనాన్ని భాగస్వాముల్ని చేసి పరిశోధించే పద్ధతులకు అది పెట్టింది పేరు. మాంచెస్టర్‌లో ఈ చదువు 1958 నుంచి ఉంది. నెదర్లాండ్స్‌లో హేగ్ నగరంలోని ఐఎస్‌ఎస్ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ స్టడీస్) ఇంకా పాతది, 1952 నాటిది. రాజకీయ ఆర్థిక శాస్త్రం వైపు మొగ్గు ఎక్కువ. ఆక్స్‌ఫర్డ్ ఎంఫిల్ రెండు విద్యా సంవత్సరాల చదువు, చివర 30,000 పదాల దాకా థీసిస్ ఉంటుంది. పరిశోధన వైపు వెళ్లేవాళ్లకు అది తగినది. హార్వర్డ్ కెనెడీ స్కూల్‌లోని ఎంపీఏ-ఐడీ దాదాపు ఆర్థిక శాస్త్రపు కోర్సే, మల్టీవేరియబుల్ కాలిక్యులస్, మైక్రో, మాక్రో ఎకనామిక్స్ ముందే చదివి రావాలి. యూరప్‌లో గ్లోడెప్ అనే ఎరాస్మస్ ముండస్ (యూరోపియన్ యూనియన్ డబ్బుతో పలు దేశాల యూనివర్సిటీలు కలిసి నడిపే) కోర్సు ఉంది. రెండేళ్లలో ఒలొమౌత్స్ (చెక్), క్లెర్మాన్-ఫెరాన్ (ఫ్రాన్స్), పావియా (ఇటలీ) యూనివర్సిటీల మధ్య తిప్పుతారు, గణితం బాగానే ఉంటుంది. క్యూఎస్ అనే యూనివర్సిటీ ర్యాంకుల జాబితాలో ఈ సబ్జెక్టుకు ఏళ్ల తరబడి ససెక్స్‌దే మొదటి స్థానం. కానీ ఆ ర్యాంకులో ఎక్కువ భాగం పేరుప్రతిష్ఠల మీద చేసిన సర్వేలదే. మీకు ఏ క్లాసు దొరుకుతుందో అది చెప్పదు.

మీ చేతిలో ఉన్న ఆఫర్‌నే తీసుకుని మాడ్యూల్ (కోర్సులోని ఒక్కో సబ్జెక్టు) జాబితా ముందు పెట్టుకోండి. బ్రిటన్‌లో ఎంఏ అంటే 180 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు పది గంటల పని. సాధారణంగా 120 క్రెడిట్లు క్లాసులకు, 60 డిసర్టేషన్‌కు, అంటే చివర రాసే పరిశోధన వ్యాసానికి. క్లాసులు వారానికి ఎనిమిది, పది గంటలే ఉంటాయి, మిగతాదంతా మీరే చదువుకోవాలి. జాబితాలో తప్పనిసరి మాడ్యూళ్లెన్ని, వాటిలో సిద్ధాంతాలెన్ని, పద్ధతులెన్ని లెక్కపెట్టండి. అసెస్‌మెంట్ చూడండి. అన్నిటికీ 3,000 పదాల వ్యాసమే ఉందంటే ఆ కోర్సు మీకు రాయడం నేర్పుతుంది, లెక్క నేర్పదు. "క్వాంటిటేటివ్ మెథడ్స్" అన్న పేరు చూసి మురిసిపోవద్దు. పది వారాల్లో సగటు నుంచి మొదలుపెట్టి రిగ్రెషన్ దగ్గర ఆగే క్లాసు మీకు ఇప్పటికే వచ్చిన పాఠం. దాన్నుంచి మినహాయింపు ఇచ్చి ఇంపాక్ట్ ఎవాల్యుయేషన్ క్లాసు ఇస్తారా అని మెయిల్‌లో అడగండి. ఇంకో సంగతి, ఐచ్ఛిక మాడ్యూల్ పేజీలో ఉన్నంత మాత్రాన నడుస్తుందనుకోవద్దు. టీచర్ సెలవులో ఉండొచ్చు, సీట్లు 25కే పరిమితం కావచ్చు, వేరే డిపార్ట్‌మెంట్ విద్యార్థులకే ముందు ఇవ్వొచ్చు. "పోయిన ఏడాది ఇందులో ఏవి నడిచాయి? ఎంతమందిని తీసుకున్నారు?" అన్న రెండు ప్రశ్నలకు సూటిగా జవాబు రాకపోతే ఆ మాడ్యూల్ లేదనుకుని లెక్క వేసుకోండి.

సిద్ధాంతం వద్దని మా ఉద్దేశం కాదు. సాయం డబ్బు ఎవరి షరతుల మీద కదులుతుందో అర్థం కాకుండా ఫీల్డుకు వెళ్తే ఎక్సెల్ షీటు నింపే మనిషిగానే మిగిలిపోతారు. ఒకటి రెండు గట్టి సిద్ధాంత మాడ్యూళ్లు తప్పకుండా తీసుకోండి. ఏడాదంతా అదే అయితే మాత్రం మీరు కోరుకునే ఉద్యోగానికి పనికిరాదు.

వాయిదా వేసిన ఏడాదిలో ఏం చేయాలి? మీ డేటా పనిని ఈ రంగంలోకి తీసుకురండి. ఎన్జీవోల్లో మానిటరింగ్, ఎవాల్యుయేషన్ ఉద్యోగాలు, జే-పాల్ లాంటి పరిశోధన సంస్థల్లో రీసెర్చ్ అసోసియేట్ పోస్టులు మీకు అన్నిటికన్నా దగ్గర. గణాంకాల సాఫ్ట్‌వేర్‌లు స్టాటా గానీ ఆర్ గానీ రావాలి, సర్వే ఫారాలకు కోబో టూల్‌బాక్స్ నేర్చుకోవాలి. కోబో ఉచితంగానే వాడుకోవచ్చు. ఇంట్లో కూర్చుని 30 ప్రశ్నల ఫారం ఒకటి తయారుచేసి చూడండి. వయసు గడికి పరిమితి పెట్టకపోతే సర్వేయరు వేలు జారి 25 బదులు 255 పడుతుంది. "తెలియదు" అన్న జవాబుకు 99 అని కోడ్ పెట్టి, విశ్లేషణప్పుడు దాన్ని తీసేయడం మర్చిపోతే తల్లుల సగటు వయసు ఉన్నట్టుండి పెరిగిపోతుంది. ఇలాంటివి పట్టుకోగల మనిషి కోసమే ఆ పోస్టులు.

లాగ్‌ఫ్రేమ్ కూడా నేర్చుకోండి, దాతలందరూ అడిగే పట్టిక అది. నిలువుగా లక్ష్యం, ఫలితం, అవుట్‌పుట్, పనులు ఉంటాయి. అడ్డంగా వివరణ, సూచిక, రుజువు ఎక్కడ దొరుకుతుంది, ఏ ఊహల మీద ఆధారపడ్డాం అన్నవి ఉంటాయి. కొత్తవాళ్లు దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటుంది: "500 మంది టీచర్లకు శిక్షణ" అన్నదాన్ని ఫలితం గడిలో రాస్తారు. అది అవుట్‌పుట్. శిక్షణ తర్వాత క్లాసులో పాఠం చెప్పే తీరు మారిందా అన్నది ఫలితం. దాన్ని కొలవాలంటే శిక్షణకు ముందే బేస్‌లైన్ (మొదటి పరిస్థితి కొలత) తీసుకుని ఉండాలి, ప్రాజెక్టు సగం అయ్యాక గుర్తొస్తే చేయగలిగేదేమీ లేదు.

ఎకనామిక్స్ పునాది కావాలంటే అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ ఇచ్చే డీఈడీపీ మైక్రోమాస్టర్స్ (డేటా, ఎకనామిక్స్, విధాన రూపకల్పన మీద కోర్సు) చూడండి. ఆన్‌లైన్‌లో చదివి పర్యవేక్షణలో పరీక్ష రాయాలి, ఫీజు మీ ఆదాయాన్ని బట్టి ఉంటుంది. అది పూర్తిచేసినవాళ్లు ఎంఐటీలో క్యాంపస్ మాస్టర్స్‌కూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. అక్కడ సీటు రాకపోయినా, ఇంజినీరింగ్ నుంచి వస్తున్న మీకు ఎకనామిక్స్ చదివిన రుజువు చేతిలో ఉంటుంది.

స్కాలర్‌షిప్పుల క్యాలెండర్ ఇంతకన్నా ముఖ్యం, ఎందుకంటే ఎక్కువమంది ముందు సీటు తెచ్చుకుని తర్వాత డబ్బు వెతుకుతారు. అప్పటికి గడువులన్నీ అయిపోతాయి. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్ దరఖాస్తులు సాధారణంగా ఆగస్టులో తెరిచి అక్టోబరు మొదట్లో మూసేస్తారు, అంటే చదువు మొదలయ్యే దానికి దాదాపు ఏడాది ముందు. 2,800 గంటల పని అనుభవం అడుగుతారు. వారానికి 40 గంటల చొప్పున అది 70 వారాలు, మీకు ఇప్పటికే ఉంది. మూడు వేర్వేరు కోర్సులు ఎంచుకోవాలి. దరఖాస్తు నాటికి సీటు అక్కర్లేదు, తర్వాత తెచ్చుకోవచ్చు. చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి, బ్రిటన్‌లోనే స్థిరపడాలనుకుంటే ఇది మీది కాదు. కామన్వెల్త్ షేర్డ్ స్కాలర్‌షిప్ ఎంపిక చేసిన యూనివర్సిటీల్లో, ఎంపిక చేసిన కోర్సులకే ఇస్తారు. అర్హత ఉన్న కామన్వెల్త్ దేశాల్లో, సొంత ఖర్చుతో చదవలేని వారికే అది. దానికి కామన్వెల్త్ స్కాలర్‌షిప్ కమిషన్‌కూ, యూనివర్సిటీకీ విడివిడిగా దరఖాస్తు పెట్టాలి. ఈ రెండోది మరచిపోయి పోగొట్టుకునేవాళ్లుంటారు. ఎరాస్మస్ ముండస్ కోర్సులకు ఎక్కువగా అక్టోబరు నుంచి జనవరి మధ్య గడువు. స్కాలర్‌షిప్ వస్తే ఫీజు పోగా నెలకు 1,400 యూరోలు, గరిష్ఠంగా 24 నెలలు. మూడింటికీ మీ పౌరసత్వాన్ని బట్టి అర్హత మారుతుంది కాబట్టి ఆ పేజీ ముందు చదవండి.

దరఖాస్తు వ్యాసంలో చాలామంది నేల విడిచి సాము చేస్తారు. "పేదల జీవితాల్లో వెలుగు నింపాలన్నది నా చిన్ననాటి కల" అన్న వాక్యం సెలక్టర్లు రోజుకు వందసార్లు చదువుతారు. దాని బదులు ఇలాంటిది రాసి చూడండి: "పిల్లల పోషకాహార సర్వేలో 'పోయిన వారం ఏం తినిపించారు?' అని అడిగేవాళ్లం. జవాబులు ఇల్లిల్లూ ఒకేలా వచ్చేవి. ప్రశ్నను గత 24 గంటలకు కుదించి, ఎనిమిది ఆహార వర్గాలుగా విడదీసి అడిగాక తేడాలు బయటపడ్డాయి. ఎనిమిదిలో ఐదు వర్గాలు అందిన పిల్లలెందరో అప్పుడు లెక్కించగలిగాం. కుటుంబంలో ఎవరికి ముందు వడ్డిస్తారన్నది మాత్రం ఆ ఫారంతో తెలుసుకోలేకపోయాం. అందుకు గుణాత్మక పద్ధతులు నేర్చుకోవాలి, మీ కోర్సులోని ఫలానా మాడ్యూల్ అందుకే." ఇందులో చేసిన పని ఉంది, ఎదురైన సమస్య ఉంది, తెలియనిదేమిటో ఉంది, ఈ కోర్సే ఎందుకో ఉంది. ఇది మా ఉదాహరణ. మీరు చేయని పని మాత్రం రాయకండి, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. రిఫరెన్సు లేఖల్లో ఒకటి తప్పనిసరిగా మీ పని చూసిన సూపర్‌వైజర్‌ది ఉండాలి. స్వచ్ఛంద సంస్థ డైరెక్టర్ ఎంత పెద్ద మనిషైనా, మీతో కలిసి పనిచేయకపోతే ఆ లేఖ పేలవంగానే వస్తుంది.

ఏ స్థితిలో అప్పు చేయవచ్చు? ఫీజులో సగానికి పైగా స్కాలర్‌షిప్ వచ్చి, తిరిగొచ్చాక చేరగల ఉద్యోగం ఒకటి కనీసం కనుచూపు మేరలో ఉంటే చేయండి. కిస్తీ లెక్క వేసేటప్పుడు విదేశీ జీతం కాదు, ఇప్పుడు మీకొస్తున్న జీతం కన్నా కాస్త తక్కువ పెట్టి చూడండి. ఈ రంగంలో మొదటి ఉద్యోగం మీ కంపెనీ జీతం కన్నా తక్కువిచ్చే అవకాశం ఎక్కువ.

వెళ్లాక ఇరుక్కునేది డిసర్టేషన్ దగ్గర. 60 క్రెడిట్లంటే 600 గంటలు, వారానికి 40 గంటల చొప్పున 15 వారాలు. చేతిలో ఉండేది దాదాపు జూన్ నుంచి ఆగస్టు చివరిదాకా. అందులో మనుషుల్ని కలిసి వివరాలు సేకరించాలంటే ముందు యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, దానికే వారాలు పడుతుంది. పిల్లలు, శరణార్థులు, రోగులు ఉంటే ఇంకా ఆలస్యం, కొన్నిచోట్ల ఎంఏ విద్యార్థికి అసలు ఇవ్వరు. ఫిబ్రవరిలో ఎథిక్స్ ఫారం వేయనివాళ్లు జూన్‌లో ప్రశ్న మార్చుకోవాల్సి వస్తుంది. మీలాంటి వారికి మంచి దారి ఇప్పటికే ఉన్న సర్వే డేటా వాడటం: ప్రపంచ బ్యాంకు ఎల్‌ఎస్‌ఎంఎస్ (జీవన ప్రమాణాలు), యూనిసెఫ్ ఎంఐసీఎస్ (పిల్లలు, మహిళల స్థితిగతులు) సర్వేలు నమోదు చేసుకుంటే ఉచితంగా దొరుకుతాయి. ఇన్నేళ్లుగా విద్యార్థులు ఎక్కువగా ఆధారపడ్డ డీహెచ్‌ఎస్ (జనాభా, ఆరోగ్య) సర్వేలు మాత్రం యూఎస్‌ఎయిడ్ డబ్బుతో నడిచేవి. 2025 ఆరంభంలో ఆ కార్యక్రమానికే గండి పడింది కాబట్టి, దాని మీద ప్రశ్న కట్టుకునే ముందు డేటా ఫైలు నిజంగా మీ కంప్యూటర్లోకి దిగిందో లేదో చూసుకోండి. గైడును ఎంచుకునే అవకాశం ఉంటే పేరు చూసి కాదు, ఆ వేసవిలో ఊళ్లో ఉంటారా, మెయిల్‌కు ఎన్ని రోజుల్లో జవాబిస్తారన్నది పోయిన ఏడాది విద్యార్థుల్ని అడిగి ఎంచుకోండి.